గ్యాలరీ కింద నుంచి విన్న హాకీ మ్యాచ్

1962 ఫిబ్రవరి. నేను నెల్లూరులో ప్రభుత్వ ఓవర్సీయరుగా చేరి మూడేళ్లయింది. మద్రాసు నుంచి పేరున్న రెండు హాకీ జట్లు వచ్చి మా ఊళ్లో ఆడబోతున్నాయని తెలిసి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. అల్లూరు నుంచీ, తోటపల్లి గూడూరు నుంచీ బళ్లు కట్టుకుని వస్తారని చెప్పుకున్నారు. మైదానం పెద్దదే కానీ కూర్చునే చోటు లేదు. అందుకని సరుగుడు కట్టెలు, కొబ్బరి తాళ్లతో పద్నాలుగు మెట్ల గ్యాలరీ కట్టించారు. జనం ఎక్కేముందు దాన్ని పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఇది పడిపోదని పూచీ ఇచ్చే కాగితం, రాయాల్సింది నేను.

అప్పటిదాకా నేను హాకీ చూసినవాణ్ని కాదు. బత్తాయి కన్నా చిన్న బంతిని అంత దూరం నుంచి చూడడానికి ఇంతమంది ఎండలో ఎందుకు కూర్చుంటారో నాకు అంతుబట్టలేదు.

మ్యాచ్‌కి మూడు రోజుల ముందు పరీక్ష పెట్టాను. మా లెక్కల్లో లైవ్ లోడ్ అని ఒకటుంటుంది. కట్టడం సొంత బరువు కాక, దానిమీదికి వచ్చే మనుషుల బరువన్నమాట. మనిషికొక ఇసుక మూట చొప్పున ఒక భాగం నిండా పేర్పించాను. గంటసేపు చూసినా ఒక్క కట్టె కదల్లేదు. సంతకానికి కలం తీశాను.

గ్యాలరీ కట్టినవాళ్లలో పెద్దవాడు పోలయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. కృష్ణపట్నం దగ్గరి పల్లెపాలెం మనిషి. వేట లేని రోజుల్లో పందిళ్లు కట్టేవాడు.

"అయ్యా, మూటలు లేచి నిలబడవు గదా" అన్నాడు.

"అంటే?"

"మద్రాసులో నేనొక ఆట చూసినా. పెద్ద గ్రౌండు. బంతి మనకు సరిగా కనపడనే కనపడదు. పక్కనోడు లేస్తే మనమూ లేస్తాం. బంతి ఎటుపోతే అందరూ అటే ఒరుగుతారు. పడవలో జనమంతా ఒకపక్కకి వచ్చినట్టుంటాది."

"కనపడని ఆటకు మళ్లీ పోతావా?"

"ఎందుకు పోనూ" అని నవ్వాడు.

మూటలు దింపించి, అరవైమంది కూలీలను కూర్చోబెట్టాం. పోలయ్య చేయి ఊపగానే అందరూ ఒక్కసారిగా లేచి కుడివైపుకు ఒరిగారు. గ్యాలరీ జానెడు పక్కకు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. కలం మళ్లీ జేబులో పెట్టేశాను. పొడుగునా బ్రేసింగ్ చాలలేదు. నిలువు కట్టెలు ఒరగకుండా ఏటవాలుగా కట్టే కట్టెలను బ్రేసింగ్ అంటాం.

కొత్త కట్టెలు తెప్పించే వ్యవధి లేదు. పై నాలుగు మెట్లు విప్పి, ఆ కట్టెలనే ఏటవాలుగా వేయమన్నాను. ఆటల కమిటీ సెక్రటరీ రామిరెడ్డి గారు మండిపడ్డారు.

"ఓవర్సీయరు గారూ, ఆ మెట్లకు టిక్కెట్లు ఇచ్చేసి ఉండాం. వాళ్లను ఏడ కూర్చోబెట్టేది?"

"నేలమీద కూర్చోబెట్టండి. ఇట్లా ఉంటే నేను సంతకం పెట్టను."

ఆయన గ్యాలరీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "సరే, చాపలు పరిపిస్తా" అని వెళ్లిపోయారు. పోలయ్య మనుషులు రెండు రోజులు తాళ్లు బిగించారు. మళ్లీ కూలీలను ఎక్కించి చూసి, అప్పుడు సంతకం చేశాను.

మ్యాచ్ రోజు నేనూ పోలయ్యా గ్యాలరీ కింద చెరొక చివర నిలబడ్డాం. కర్రకు బంతి తగిలే టక్కుమనే చప్పుడు, తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన వేల పాదాల మోత. ప్రతిసారీ తాళ్లు కిర్రుమనేవి. నా తలమీద పొట్టు రాలేది. నేను కొత్తగా వేయించిన కట్టెమీద చెయ్యి వేసి దాని వణుకు చూసుకుంటూ నిలబడ్డాను. ఆగింది. మళ్లీ వణికి, మళ్లీ ఆగింది.

ఆట సగమయ్యాక పోలయ్య వచ్చాడు. "పైకి పోయి చూడండయ్యా. ఈడ నేనుంటా."

వెళ్లి పదో మెట్టున ఇరుక్కుని కూర్చున్నాను. బంతి నిజంగానే సరిగా కనపడలేదు. కనపడిందల్లా ఆటగాళ్లు. ఒకడు ఎడమ అంచు వెంబడి పరుగెత్తితే మిగతా ఇరవైమంది ఎటు తిరుగుతున్నారో మైదానం మొత్తం ఒక్కచూపులో తెలిసిపోయేది. నా పక్కన తలపాగా రైతు, ఆ పక్కన కాలేజీ లెక్చరరు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు. అయినా ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఉన్నారు. అంతలో ఆ అంచు ఆటగాడు ముగ్గురిని తప్పించుకుని బంతిని మధ్యకు కొట్టాడు. గోలైంది.

తెలివొచ్చి చూసుకుంటే నేను నిలబడి ఉన్నాను, ముందుకు ఒరిగి, రైతు చేయి పట్టుకుని. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. గ్యాలరీ సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

లెక్కల పుస్తకాల్లో మనిషంటే ఇంత బరువు అని రాసి ఉంటుంది. అది తప్పు కాదు, కానీ చాలదు. జనం ఒకచోట చేరేదే, విడివిడిగా ఉన్నప్పుడు చేయలేనిదేదో కలిసి చేయడానికి. ఆ తర్వాత నా సర్వీసులో ఏ సినిమాహాలు బాల్కనీకి సర్టిఫికెట్ రాయాల్సి వచ్చినా, ముందుగా అలాంటిదే మరో హాలుకు వెళ్లి, టిక్కెట్టు కొనుక్కుని, జనం మధ్యన ఒక ఆట పూర్తిగా కూర్చుని వచ్చేవాణ్ని.