అరికాళ్లలోకి దింపిన మనసు

పోయిన వారం గుంటూరులో కీళ్ల డాక్టరు గారి దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, పక్క కుర్చీలోని అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని, ఫోనులో నీలం బుడగ ఒకటి ఉబ్బుతుంటే ఊపిరి పీలుస్తోంది, అది ముడుచుకుంటుంటే వదులుతోంది. నేను వంగి చూడటం గమనించి, "నొప్పి తట్టుకోవడానికండీ తాతగారూ, నెల నెలా డబ్బు కడితే ఈ యాప్ రోజూ నేర్పుతుంది" అంది. ఎంత కడతావమ్మా, ఏమైనా తగ్గించారా అని అడగబోయి ఆగాను. నాకు ఆ విద్య నేర్పిన మా వదినగారు నా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు, అయినా నేను ఆవిడతో బేరమాడాను. అది గుర్తొచ్చి అంతమంది రోగుల మధ్య ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో యార్డులో మిర్చి బేరం నోటితో జరిగేది కాదు. ధర పక్కవాడి చెవిన పడకూడదు కనుక, కొనేవాడూ, రైతు సరుకు అమ్మిపెట్టే కమిషన్ కొట్టువాడూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కుతూ ధర చెప్పుకునేవాళ్లు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో మాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. మా నాన్న, బాబాయిలు, మేనమామలు అందరూ ఏదో ఒక కొట్టు మీద కూర్చున్నవాళ్లే. మా ఇంట్లో పిల్లలం రెండో లడ్డూ కావాలన్నా బేరమాడే పుచ్చుకునేవాళ్లం. తువ్వాలు కింద ఏం జరిగినా పైన మొహం మాత్రం గోడలా ఉండాలి. నా మొహం గురించి యార్డంతా గొప్పగా చెప్పుకునేది, అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

అలాంటి నాకు నలభై దాటాక కీళ్లవాతం పట్టుకుంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసుకు రెండు చేతులూ కావలసి వచ్చేది, చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది. జబ్బులతో పోరాడవలసిన ఒంటి బలగమే దారి తప్పి సొంత కీళ్ల మీద పడుతోందని, ఇది జీవితాంతం ఉండే రకమని డాక్టరు గారు చెబితే, అలవాటు కొద్దీ "కొంచెం చూసి చెప్పండి సార్" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి మాత్రలు రాసిచ్చారు.

చిత్రమేమిటంటే, ఆ మొదటి రోజుల్లో నా జబ్బు వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. బయటి రాష్ట్రాలకు సరుకు పంపే ఓ పెద్దాయన, వరసకు నాకు బాబాయి, మా కొట్టుకు పాత గిరాకీ. ఆయన తువ్వాలు కింద నా వేలు నొక్కగానే ప్రాణం లేచిపోయి నా మొహం చిట్లేది. ధర నచ్చక చిట్లిందనుకుని ఆయన మళ్లీ నొక్కేవాడు, ఈసారి కాస్త పెంచి. మళ్లీ నొప్పి, మళ్లీ చిట్లడం, మళ్లీ పెంపు. మా రైతులు నన్ను దేవుణ్ణి చేశారు. ఆ సీజనంతా ఇలాగే సాగేదేమో గానీ, ఓ రోజు ఆయన నొక్కుడుకి నా కళ్ల వెంట నీళ్లు కారాయి. ధరకి ఏడ్చిన వ్యాపారిని ఆయన అంతవరకు చూడలేదు. తువ్వాలు తీసి నా చెయ్యి చూశాడు.

"ఏందిరా అబ్బాయ్, ఈ వేళ్లు? అల్లం కొమ్ముల్లాగా ఉన్నయ్యి! నా ధర నచ్చక మొహం మాడ్చుకుంటన్నావనుకుని పెంచుకుంటా పోతన్నా గదరా ఇన్నాళ్లూ!"

యార్డు యార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ మరుసటి మాట నవ్వొచ్చేది కాదు. ఆయన మా తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, ఇంక మీ అన్న చెయ్యి నేను పట్టుకోను, బేరం నువ్వు చెయ్యి" అన్నాడు. తమ్ముడు నా మేలు కోరే నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. వచ్చేవాళ్లు నాకు దణ్ణం పెట్టి వాడి దగ్గరికి పోయేవాళ్లు; దండ ఒక్కటే తక్కువ. మళ్లీ ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టగలనా లేదా అన్నదొక్కటే అప్పట్లో నా దిగులు.

మా ఆవిడ అక్కగారు ఒంగోలు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసి రిటైరైన మనిషి. ఆవిడ వచ్చి, మాత్రలు మానకుండా వేసుకుంటూనే రోజూ అరగంట వెల్లకిలా పడుకుని, ఊపిరి మెల్లగా తీసి వదులుతూ, కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కొక్క భాగం మీదా మనసు పెట్టి చూడమన్నారు. నొప్పి ఉన్నచోట దాన్ని తోసెయ్యకుండా, మన కొట్టుకు వచ్చిన మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాలట.

"అరగంటెందుకు వదినా, పావుగంటకి ఖాయం చేసుకుందాం" అన్నాను.

"ఇవి మిరపకాయలు కాదు మరిదిగారూ."

"పోనీ, తల వదిలేద్దాం. తలలో నాకు నొప్పి లేదు."

"తలలో ఏదైనా ఉంటే గదా నొప్పి!" అని ఆవిడ చాప చుట్టి చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచారు. గిరాకీ కొట్టు దిగిపోతున్నట్టు నటించే ఆ ఎత్తు నాకు పుట్టుకతో తెలిసిందే, అయినా నోరు జారి "సరే, రండి రండి" అని వెనక్కి పిలిచాను. నా జన్మలో అంత తేలిగ్గా ఎవరికీ లొంగలేదు.

మొదట్లో పడుకోగానే గురకపెట్టేవాణ్ణి. మెల్లమెల్లగా తెలిసిందేమిటంటే, నా నొప్పిలో సగం నొప్పి కాదు, వచ్చే నొప్పి కోసం ముందే బిగుసుకున్న భుజాలూ దవడలూ. అవి వదిలితే మిగిలేది భరించగలిగినంతే. నిద్ర పట్టింది, కోపం తగ్గింది, మా ఆవిడ ఆ చాపకు పసుపు కుంకుమ పెడతానంది. ఇంత బాగుంది కదా, మాత్రలూ ఈ సాధనా రెండూ ఎందుకు, రెండో సరుకు దండగ అని లెక్కవేసి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. కొన్నాళ్లకే మోకాళ్లు కూడా ఉబ్బి, మంచం దిగలేకపోయాను.

"నేను నేర్పింది నొప్పితో కాపురం చెయ్యడం. జబ్బుని అదుపులో పెట్టేది మందు. అది మానమని నేను చెప్పానా?" అని వదినగారు నన్ను చీపురు లేకుండా ఉతికారు. మళ్లీ డాక్టరు, మళ్లీ మాత్రలు, మళ్లీ చాప.

కుదుటపడ్డాక యార్డుకు వెళ్లి, మిర్చి బస్తాల, అదే మా టిక్కీల, మధ్య నిలబడి, నేర్చుకున్నట్టుగా గుండెల నిండా ఊపిరి పీల్చాను. మన యార్డులో ఆ పని ఎవడైనా చేస్తాడా? ఆ ఘాటుకి తుమ్ములు ఆగక తమ్ముడి భుజం పట్టుకుని బయటపడ్డాను. సంగతి విని వదినగారు మా కొట్టు చూస్తానని వచ్చి, లోపలికి అడుగు పెట్టగానే నాకంటే పెద్దగా తుమ్మి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఇక్కడ ఊపిరి జోలికి పోకండి మరిదిగారూ, మనసుని అరికాళ్లలోకి దింపండి. నేల తగులుతున్నదా లేదా, అది చూసుకోండి చాలు" అన్నారు.

మర్నాడు బాబాయి రాగానే తమ్ముణ్ణి పక్కకు జరిపి నేనే ముందుకు వెళ్లాను. "వద్దురా అబ్బాయ్, నీ ఉసురు నాకెందుకు" అన్నాడాయన. "నీ ధరలు చూసి భయపడుతున్నా గానీ నీ వేళ్లు చూసి కాదు బాబాయ్" అన్నాను. చెప్పులు విడిచి, గచ్చు చల్లదనం అరికాళ్లకు తగలనిచ్చి, భుజాలు వదిలి, చెయ్యి చాపాను. ఆయన తువ్వాలు కప్పాడు. నొక్కుడు కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదు. ఆయన తన అరచెయ్యి వెల్లకిలా తిప్పి, కదలకుండా, ఖాళీగా ఉంచాడు. నాకు కావలసిన ధర నేనే ఆయన వేళ్ల మీద చెప్పాలి, నాకు ఓపిక ఉన్నంత నొక్కుడుతో. ఆయన జవాబు నా అరచేతిలో చూపుడు వేలితో తట్టి చెప్పాడు, పసిపిల్ల బుగ్గ తట్టినంత మెల్లగా. పైకి మాత్రం "నీ మొహం మండా, తగ్గవేందిరా!" అని అరుస్తూనే ఉన్నాడు.

నొప్పి ఉంది. కూర్చోబెట్టాను, కూర్చుంది. నా మొహం చిట్లలేదు, అందువల్ల ఆ రోజు ధర కూడా పెరగలేదు. మా రైతు ఒకాయన "పోయినేడు మొహమే బాగుంది, అదే పెట్టు సామీ" అన్నాడు. అయినా ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిపొడవునా ఈల వేశాను. ఆ తరవాత బాబాయి బతికినన్నాళ్లూ మా బేరం అలాగే నడిచింది, మా తమ్ముడిక్కూడా తెలియకుండా.

ఇప్పుడు ధరలు తెర మీద పడుతున్నాయి, అందరికీ కనపడేటట్టు. రైతుకు అదే మంచిది, నేనేమీ సణగను. మాత్రలు మెరుగుపడ్డాయి, నా వేళ్లు వంకరపోయినా గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. యార్డుకు ఎప్పుడైనా వెళితే చెప్పులు విడిచి ఆ గచ్చు మీద కాసేపు నిలబడతాను. అన్నీ అందరికీ కనపడుతున్న ఈ రోజుల్లో, పైన తిడుతూ కింద ఒకడి నొప్పిని అంత పదిలంగా పట్టుకోవడానికి చోటెక్కడుందా అని మాత్రం అనిపిస్తుంది.