ఐదుకు రెండు మార్కుల సెలవు చీటీ

నేను ఐదో తరగతికి తెలుగు, లెక్కలు చెబుతాను. రోజూ కుప్పంలో బస్సెక్కి, రామకుప్పం దాటి ఒక చిన్న ఊళ్లో దిగుతాను. మా తరగతిలో పిల్లలందరికీ ఏటా ఒకే వారంలో జ్వరం వస్తుంది. సెలవు చీటీ పాఠం చెప్పే వారమది. "నాకు జ్వరముగా ఉన్నందున రెండు దినములు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని ఇరవై రెండు మందీ రాస్తారు. అంతమంది ఒకేసారి పడకేసినా ఏ డాక్టరూ కంగారు పడింది లేదు. నాకు దిద్దడం సులువు.

ఒక ఏడు ఒక పాప మాత్రం నా మాట వినలేదు. "మా రాగి చేన్లోకి ఏనుగులు వచ్చినాయి. అమ్మా నాయనా ఆడే ఉండారు. చెల్లెల్ని నేనే చూసుకోవాల. అందుకని బడికి రాలేను" అని రాసింది. అంతకు ముందురోజు ఆ పాప నిజంగానే రాలేదు. నిజమైతే మాత్రం? పుస్తకంలో ఏనుగు లేదు. "ఉండారు" చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ఏనుగుల్ని కొట్టేసి, ఐదుకు రెండు మార్కులు వేశాను. ఊరంతా డప్పులు కొట్టి, టపాకాయలు కాల్చినా కదలని ఏనుగుల్ని ఒక్క గీతతో తరిమేశానన్నమాట. మరుసటి వారం ఆ పాపకూ జ్వరం వచ్చింది. ఐదుకు ఐదు వేసి, వెరీ గుడ్ అని కూడా రాశాను.

లెక్కల్లోనూ నాది అంతే క్రమశిక్షణ. మా పుస్తకంలో పొలాలన్నీ దీర్ఘచతురస్రాలు. పొడవును వెడల్పుతో గుణిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. మా చుట్టుపక్కల అలాంటి పొలం ఒక్కటీ లేదు. ప్రతిదాని నడుమా ఓ పెద్ద రాతి గుండు కూర్చుని ఉంటుంది. దాని సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు, సిలబస్‌లో లేదు కదా.

ఆ ఏడే కోతల ముందు ఏనుగులు మళ్లీ ఆ చేలో పడ్డాయి. పాప వాళ్ల నాయన ఎవరిచేతో పంట నష్టం అర్జీ రాయించుకుని పోతే, అటవీ ఆఫీసులో తిప్పి పంపారు. ఎటునుంచి వచ్చాయో, ఎంత మేర తొక్కాయో అందులో లేదట. రెండు రోజుల్లో సరైన అర్జీ ఇవ్వకపోతే పంట పోయినట్టు ఎక్కడా నమోదు కాదు. ఆయన బడికొచ్చి, పాపచేత రాయించమని అడిగాడు. నేనే రాసిస్తానంటే వద్దన్నాడు, ఆయనకు రాయడం రాదు, చేను కళ్లారా చూసి రాయగలిగింది పాపే కాబట్టి.

పాప నా బల్ల దగ్గర కూర్చుంది. పేరు, ఊరు రాసి ఆగిపోయింది.

"సార్, ఈడ కూడా జొరమనే రాయాల్నా?"

వెటకారం కాదు. తప్పు రాస్తే అర్జీ మళ్లీ తిరిగొస్తుందని నిజంగానే భయపడుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. జరిగింది జరిగినట్టు రాయమన్నాను.

రాసింది. తర్వాత గళ్ల కాగితం మీద చేను గీసి, గుండున్న గళ్లు వదిలేసి, ఏనుగులు తొక్కిన గళ్లకు రంగు వేసి లెక్కపెట్టింది. సగానికి పైగా పోయిందని తేల్చింది. "ఉండారు" రెండుచోట్ల ఉంది. నేను పెన్ను తీయలేదు.

వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. ఆఫీసు వాళ్లు ఆ కాగితం పట్టుకుని చేనంతా తిరిగి, నష్టం రాసుకుని పోయారట.

"పాపకు శానా బాగా నేర్పిచ్చినారు సార్," అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

పాప పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కాదనలేదు. ఆ దండం నేనే తీసుకున్నాను.