అంకెలు రాని అహల్య

అహల్య దుకాణంలో అంకె పలకకూడదు. ఇంచీలు, సైజులు, నంబర్లు అన్నీ గడప బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి రావాలి. ఆమె కొలతలు తీసేది నాడాతో. లంగాలో దూర్చే మామూలు తెల్ల నాడా. చెయ్యి పొడుగుకొక ముడి, ఛాతికొక ముడి, నడుముకొక ముడి, అలా వరసగా వేసుకుపోతుంది. చివర ఆ మనిషి గుడ్డలోంచి ఒక పీలిక కట్టి వేలాడదీస్తుంది. ఆ పీలికే పేరు, ఆ ముడులే లెక్క. నీ వయసెంతమ్మా అని అడిగితే, "నా నాడాకు ఇంకా మస్తు జాగ ఉంది" అంటుంది.

దిక్కూ మొక్కూ లేని మనిషి ఇలా చేస్తే పోనీ అనుకోవచ్చు. అహల్య అఫ్జల్‌గంజ్ టోకు బట్టల గుండయ్యకు ఒక్కగానొక్క మనవరాలు. మూడు గోదాములకు, రెండు వీధుల దుకాణాలకు వారసురాలు. గుండయ్య బట్ట తానును అరచేత్తో తడిమి ఎన్ని మీటర్లో చెప్పేవాడు. తేడా వస్తే జానెడు వచ్చేది, అదీ మిల్లువాడి తప్పే అయ్యేది. అలాంటి ఇంట్లో పుట్టి, కాలు మీద కాలేసుకుని కూర్చోక, బొంబాయిలో డిజైన్ల చదువు చదివొచ్చి, తాత గోదాము పైనే బట్టలు కుట్టే దుకాణం పెట్టింది. చదువుకొచ్చింది నాడాలు ముడెయ్యడమా అని బజారంతా ముక్కున వేలేసుకుంది.

గుండయ్య మనవరాలికి బుద్ధి రావాలని తన ఇనుప మీటరు కడ్డీ పంపించాడు. అహల్య దాన్ని కళ్లకద్దుకుని, గోడకు అడ్డంగా కొట్టించి, దాని మీద నాడాలు ఆరేసింది. ముసలాయన మెట్లెక్కి వచ్చి చూసి, వచ్చిన దారినే మెట్లు దిగిపోయాడు.

బంజారాహిల్స్ ఆడవాళ్లు మాత్రం ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. పత్రికవాళ్లు వచ్చి నాడాలకు ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ తన నాడా మెడలో వేసుకుని విందుకు కూడా వెళ్లింది.

ఇవన్నీ చూసి నాగమణమ్మకు నవ్వాగేది కాదు. తొమ్మిదేళ్లుగా ఆ దుకాణంలో గుడ్డ కోసేదీ, హుక్కులు కుట్టేదీ ఆమే. అరవై ఎనిమిదేళ్లొచ్చినా నాలుక మాత్రం ఈ పొద్దే సాన పట్టినట్టుంటుంది. "పాపం, గంత ఆస్తి ఉన్నది గానీ పిల్లకు ఒకటి నుంచి పది దాంక రావు" అని గల్లీ గల్లీ చెప్పింది. తన సంగతి అడిగితే, "రెండో తరగతి సదివిన. ఇగ నీకు చెప్పేదేం లేదు పొమ్మని పంతులే అన్నడు" అనేది. పంతులు ఆ మాట ఏ బాధలో అన్నాడో ఎవరూ అడగలేదు.

ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. కడ్డీకి ఎడమ వైపు నాడాలు కుట్టాల్సిన వాళ్లవి. కుడి వైపువి కుట్టి ఇచ్చేసిన వాళ్లవి. కుడి వైపు వాటికి ముడులు విప్పి, ఉతికి, మళ్లీ వాడతారు. ఆ బుధవారం అహల్య ఏదో ప్రదర్శన ఉందని బొంబాయి వెళ్లింది. గల్లా దగ్గర కూర్చునే నందకిశోర్ ఇదే అదనని గోడకు సున్నం వేయించి, కడ్డీని నాడాలతో సహా తిరగేసి బిగించాడు. ఎడమవి కుడికొచ్చాయి, కుడివి ఎడమకు పోయాయి. నాగమణమ్మ అలవాటు కొద్దీ కుడి వైపు నాడాలు తీసి, పదకొండింటి ముడులూ గోళ్లతో ఊడదీసి, సబ్బు నీళ్లలో వేసింది. అప్పుడు కనబడింది, కింద రాలిన పీలికల్లో నెమలిపింఛం రంగు పట్టు ముక్క.

అది రచనది. కిషన్‌బాగ్ పిల్ల. శుక్రవారం పెళ్లి. జాకెట్టు ఇంకా కోయనే లేదు. మిగతా పదిమందికి తొందర లేదు, మెల్లగా మళ్లీ కొలవొచ్చు.

నందకిశోర్‌కు ఇది పెద్ద సంగతిగా తోచలేదు. అహల్య మేజా సొరుగులోంచి ఒక టేపు తీసి, కాగితం, పెన్నుతో సహా నాగమణమ్మ చేతిలో పెట్టాడు. మొగోడు పోయి పెండ్లిపిల్ల కొలతలు తీస్తే బాగుండదు గనక, ఆమే పోయి ఇంచీలు రాసుకు రావాలన్నాడు.

నాగమణమ్మ టేపు విప్పి చూసింది. టేపు మీద చీమలు బారు కట్టినట్టున్నాయి. ఆమెకు అంకెలు ఎప్పుడూ చీమలే. ఏ చీమ ఎంతో చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా ఊరందరినీ నవ్వించిన నోటితో ఇప్పుడు ఆ మాట ఎలా చెప్పడం?

"కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అంది.

అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి. నందకిశోర్ వాటి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది. అతను తల దించుకుని అహల్యకు ఫోన్ కలిపి ఇచ్చాడు.

జరిగిందంతా విని అహల్య అడిగింది ఒక్కటే. "గుడ్డ కోసినవా పెద్దమ్మా?"

"లేదు బిడ్డా."

"అయితే ఏం పోలే. టేపు ముట్టకు, దుకాణం ఇజ్జత్ పోతది. నాడా తీస్కొని ఆటో ఎక్కు."

నాగమణమ్మ ఎక్కింది. కిషన్‌బాగ్‌లో పెళ్లికూతురి మేనత్త, నడుము ఎన్ని ఇంచీలని మూడు సార్లు అడిగింది. "అంకెలు గావాలంటే రోడ్డు మీద మస్తు మంది దర్జీలున్నరు. మాది ఫ్యాషన్" అంది నాగమణమ్మ. మేనత్త పక్క గదిలోకి వెళ్లిపోయింది. రచన అప్పటిదాకా కడుపు లోపలికి బిగబట్టి నిలబడి ఉంది. "ఊపిరి వదులు బిడ్డా. ముడికి నోరు లేదు, ఎవ్వరికీ చెప్పదు" అంటే ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మీదే నడుము ముడి పడింది.

శుక్రవారం ఆరు హుక్కులూ ఎవరూ లాగకుండానే పడ్డాయి.

శనివారం నందకిశోర్ టేపు సొరుగులో పెట్టేస్తూ, దాని అంకెలు వాడి వాడి సగం అరిగిపోయాయని గమనించాడు. అడుగున పాత పుస్తకం ఒకటి దొరికింది. నిండా అహల్య చేతిరాతలో తేదీలు వేసి రాసిన ఇంచీలే.

"గమ్మత్తుగుంది నాగమణమ్మా" అన్నాడు. "మేడం ముందుగాల టేపుతోనే కొలిచిందట. నువ్వొచ్చిన వారంల బంద్ చేసింది. ఎందుకో మరి."

నాగమణమ్మ దారం ఎక్కించని సూదితో బెత్తెడు దూరం కుట్టుకుంటూ పోయింది. పనిలో చేరిన మొదటి రోజు అహల్య ఇదే టేపు ఇచ్చి కొలవమంది. ఆ రోజు కూడా కళ్లద్దాలు మర్చిపోయాననే చెప్పింది. ఆ రోజు కూడా అవి ముక్కు మీదే ఉన్నాయి. మర్నాడు వచ్చేసరికి గోడకు నాడా వేలాడుతోంది. "నాకు టేపు అచ్చిరాదు పెద్దమ్మా" అని అహల్య అంటే, పిచ్చి పిల్ల అనుకుంది. ఆ పిచ్చి పిల్లకు పది దాకా రావని తాత చెవిన వేసింది కూడా తనే.

ఆ సాయంత్రం అహల్య బొంబాయి నుంచి దిగింది. నాగమణమ్మ చాయ్ పోసి ముందు పెట్టి, గొంతు సవరించుకుంది.

"నీకు అంకెలు రావని ఊరంత అనుకుంటున్నరు బిడ్డా."

"నువ్వే గద చెప్పినవు పెద్దమ్మా."

"చెప్పిన. ఇగ చెప్ప."

అహల్య చాయ్ తాగుతూ ఆమె వైపు చూసింది. సొరుగు వైపు చూసింది. నందకిశోర్ నోరు ఊరుకోదని ఆమెకు తెలుసు.

"చెప్తే చెప్పు. నాకేం ఫికర్ లేదు" అంది. "కానీ వస్తయని మాత్రం తాతకు చెప్పకు. రేపే లెక్కల పుస్తకాలన్నీ నా నెత్తిన పెడ్తడు."

"నా నోట్లకెల్లి రాదు" అంది నాగమణమ్మ గంభీరంగా. కొత్త నాడాల కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది.

"ఇగ ముడులు జర గట్టిగ వెయ్యి. నువ్వు వదులు వదులు వేసుడు వల్లనే గద గీ లొల్లంత."