పాటగాడికి నేను చెప్పిన కొలత

కంప్యూటరు ఆటలో పాటగాడికి ఎంత బలం ఉండాలని మా అమ్మాయి నన్ను అడిగింది. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. అలాంటి నన్ను అడిగింది. అది అడగకపోయినా బాగుండేది, నేను చెప్పకపోయినా బాగుండేది.

మేం సత్తెనపల్లి దగ్గర ఊరు వదిలి గుంటూరు చేరి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన పోయాక ఆ ఊళ్ళో మాకు పనేమీ మిగల్లేదు. నేను కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసేదాన్ని. అమ్మాయి కంప్యూటరు కోర్సు చదివి, కింద నెట్ సెంటరు ఉన్న ఒక మేడ మీద ఆఫీసులో చేరింది. వాళ్ళు తయారుచేసేది, ఎక్కడెక్కడి పిల్లలో ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని, అందరూ ఒకే యుద్ధంలోకి దిగి ఆడే ఆటట. అందులో కత్తివాడికెంత బలం, విల్లువాడికెంత, మంత్రగాడికెంత అని సరిచూడటం దాని ఉద్యోగం. ఒకడు మరీ ఎక్కువైపోతే తగ్గించాలి, మరీ తక్కువైతే పెంచాలి.

అందరూ కుదిరారు గాని పాటగాడు కుదరలేదు. వాడు ఎవర్నీ కొట్టడు, పాడతాడంతే. వాడు పాడుతుంటే పక్కవాళ్ళ కత్తికి బలం వస్తుంది, గాయాలు మానిపోతాయి. అది చూసి అందరూ పాటగాళ్ళయి కూర్చున్నారు. ఐదుగురు పాటగాళ్ళు ఒకచోట చేరితే ఏ రాక్షసుడూ వాళ్ళని ఏమీ చేయలేడట. కత్తివాళ్ళు ఆఫీసుకు తిట్లు రాసి పంపారు. సరేనని పాట బలం తగ్గిస్తే, పాటగాణ్ణి ముట్టుకున్నవాడే లేడు. మూడు నెలలు పెంచడం, తగ్గించడం. ఎండాకాలం వచ్చేలోగా కుదర్చకపోతే పాటగాణ్ణే ఆటలోంచి తీసేస్తామని మేనేజరు చెప్పేశాడట.

ఈ మాట అది అన్నం ముందు కూర్చుని, కలపకుండా చెప్పింది. ఒక బొమ్మని తీసేస్తే దీనికేం పోయింది అనుకోలేదు నేను. వాళ్ళ నాన్న బుర్రకథ చెప్పేవాడు.

నడుమ ఆయన, భుజాన తంబూర. కుడిపక్కన మా మరిది, ఎడంపక్కన నేను, మా ఇద్దరికీ గుమ్మెటలు. మమ్మల్ని వంతలంటారు. కథ చెప్పేది ఆయన, తందాన అని ఎత్తుకునేది మేము.

"నాన్న పాడితే జనానికి ఏమయ్యేదమ్మా?" అంది.

పొద్దస్తమానం పత్తి తీసి నడుములు పడిపోయినవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళన్నాను.

"మరి నాన్నకో?"

"ఆయనకేముందే. పాటపాటకీ ఊపిరి తగ్గేది."

అలిసిపోతే ఏం చేసేవాళ్ళని అడిగింది. వంతలున్నది అందుకేగా అన్నాను. ఆయన నావైపు ఒక చూపు చూస్తాడు, నేను గుమ్మెట జోరు పెంచుతాను. జోరు పెరిగాక కథకుడు ఆగలేడు. లోపల ఎక్కడో దాచుకున్న ఊపిరి కూడా అప్పుడు బయటికొస్తుంది. ఇదంతా గొప్పగానే చెప్పాను. నేను నేర్చిన విద్య అదొక్కటే. అమ్మాయి కంచం పక్కకి జరిపి, ఎడంచేత్తో కాగితం మీద వంకరటింకరగా రాసుకుంది.

పది రోజులకి నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. పాటగాడు కుదిరాడట. తిట్లు ఆగిపోయాయి, మేనేజరు మెచ్చుకున్నాడు, ఇక తీసెయ్యరు. ఆదివారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళి, తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

తెర మీద ఐదుగురున్నారు. ఎదురుగా కొండంత రాక్షసుడు. వెనకాల నిలబడ్డ సన్నటివాడు పాటగాడు. వాడి నెత్తిన ఒక ఎర్రగీత, అది వాడి ఊపిరట. పాడేకొద్దీ ఆ గీత తరిగిపోతోంది. కింద ఆడేవాళ్ళు రాసుకునే మాటలు వరసగా వస్తున్నాయి. మన మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారట. ఏమంటున్నారని అడిగాను.

"'పాడరా మామా, పాడు' అంటున్నారు."

"వాడేమంటున్నాడు?"

"'ఊపిరి అయిపోతోందిరా' అంటున్నాడు." చదువుతూ నవ్వింది. "వీళ్ళేమో 'వంత కొట్టండ్రా వీడికి, ఇంకో రెండు పాటలొస్తాయి' అంటున్నారు."

ఎవడో వంత మీట నొక్కాడు. నేను చెప్పిందే అది. పాట జోరందుకుంది, ఎర్రగీత జారిపోయింది. రాక్షసుడు కూలాడు, వాడితోపాటే పాటగాడూ పడిపోయాడు. మిగిలిన నలుగురూ వాణ్ణి దాటుకుని ముందుకు పోయారు. తర్వాతి తలుపు దగ్గర ఆగి, ఇంకో పాటగాడెవడైనా ఉన్నాడా అని కేకేశారు.

"చూశావామ్మా, ఎంత కచ్చితంగా వచ్చిందో. రాక్షసుడు పోయే లెక్కకి సరిగ్గా వీడి ఊపిరి సరిపోతుంది."

ఆ వంత తీసెయ్యవే అన్నాను. అది నా మొహంలోకి చూసి కంగారుపడింది. వాడు నిజంగా చావడమ్మా, ఊరి బయట మళ్ళీ లేస్తాడు అంది. లేచి ఏం చేస్తాడన్నాను. మళ్ళీ వచ్చి పాడతాడంది.

అప్పుడు చెప్పాను, అంతవరకూ ఎవరికీ చెప్పని మాట. చీమకుర్తి అవతల క్వారీ పనివాళ్ళ కోసం ఒక సాయంత్రం కథ పెట్టించారు. ఆయన ఆ నెలంతా మిరపకాయల ఘాటులో పనిచేసి దగ్గుతూనే ఉన్నాడు. యుద్ధం ఘట్టంలో నావైపు చూశాడు. జోరు పెంచాను. మళ్ళీ చూశాడు. ఇంకా పెంచాను. జనం లేచి ఈలలేశారు. మూడోసారి ఆయన చూడలేదు. మంగళం దాకా పాడి, వచ్చేటప్పుడు లారీలో కండువా నిండా రక్తం కక్కాడు. ఆ తర్వాత రెండు నెలలున్నాడు, పాట లేకుండా. నీళ్ళు తాగిస్తుంటే ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపమని చూశానే. నువ్వు కొట్టావు."

కోపం లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండేది.

తెర మీద ఇంకెవరో ఐదుగురు దిగారు. అందులోనూ ఒక సన్నటివాడు.

"ఇలా ఉంటేనే వాణ్ణి ఉంచుతారమ్మా. ఇది తీసేస్తే వాడే ఉండడు."

"లేకపోతే పోనీవే. పడుకోనీ వాణ్ణి."

"నావల్ల కాదు" అంది, నావైపు చూడకుండా.

వాళ్ళ నాన్న గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు. ఫోటో ఒక్కటుంది, అందులో మూతి బిగించి నిలబడ్డాడు. అమ్మాయికి మిగిలిన పాటగాడు ఆ తెరలోవాడే. నాకది తెలుసు. ఆయన చూపు తప్పు చదివినదాన్ని, దాన్ని పట్టుకుని ఏం గట్టిగా అడగను? మర్నాడు అన్నం పెట్టాను. తిని, కారేజీ తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. సాయంత్రం వచ్చాక తీసేశావా అని అడగలేదు. అది తీయలేదని నాకు తెలుసు.