ఎస్తేరమ్మ మేడం, బస్టాండు అవ్వ

మొన్న వానలో ఉదయగిరి బస్టాండు నుంచి ఎవరో ఒక ముసలాయనను మా ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఆయన కప్పుకున్న గోనెపట్ట తడిసి ముక్కిపోయిన వాసన వేస్తోంది. ఆ వాసన తగలగానే నాకు ఎస్తేరమ్మ మేడం గుర్తొచ్చారు.

ఆత్మకూరులో నేను నర్సింగు చదివేటప్పుడు ఆమె మా టీచరు. దుత్తలూరు దగ్గరి పల్లెలో చర్చి పక్కింట్లో పెరిగిన మనిషి. గొంతు పెద్దది, నవ్వడం తక్కువ. చివరి ఏడాది మేము నెల్లూరు వెళ్లి, ఇల్లూ వాకిలీ లేక రోడ్ల మీద బతికేవాళ్లకు వైద్యసాయం చేయాల్సి వచ్చింది. కట్టు కట్టడం, బీపీ చూడటం మాకు వచ్చు. అయినా వెళ్లేముందు ఆమె మరో పాఠం చెప్పారు. మాలో ఒక్కొక్కరినీ వరండాలో నేల మీద పడుకోమని, మిగతావాళ్లను చుట్టూ నిలబడమన్నారు. నా వంతు వచ్చినప్పుడు పైకి చూస్తే అన్నీ మొహాలే. స్నేహితురాళ్లే అయినా బెదురు పుట్టి, చున్నీ లాక్కుని కాళ్లు ముడుచుకున్నాను.

"లే పాపా. ఇప్పుడు నీకెట్టుండాదో రేపు వాళ్లకూ అట్టే ఉంటాది. ముందు పక్కన కూర్చోండి, అడగండి. ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి," అన్నారు.

నెల్లూరు బస్టాండులో ఒక అవ్వ మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. కాలికి చుట్టిన పాతగుడ్డ చుట్టూ ఈగలు. చూడవచ్చా అని అడిగితే కాలు వెనక్కి లాక్కుంది.

"పొయినసారి ఇట్టనే ఎవురో వచ్చి నన్ను బండెక్కించినారు. నా మూట రోడ్డు మీదనే పాయె. నా కూతురి ఫోటో అందులోనే ఉండింది," అంది.

మేడం ఆ రోజు కాలి సంగతే ఎత్తలేదు. టీ తెప్పించి, ఆ కూతురి గురించి అడిగి, చెప్పినంతసేపూ విన్నారు. మర్నాడూ అంతే. ఆ తర్వాత వెళ్లినప్పుడు అవ్వ తనే కాలు చాపింది. గుడ్డ విప్పితే పురుగులు, నల్లబడిన వేళ్లు. ఆస్పత్రిలో చేర్చకపోతే కాలు దక్కదు. ఆ మాట చెబితే అవ్వ మూటను ఒళ్లోకి లాక్కుంది.

"అది నీ మంచం మీదనే ఉంటాది అవ్వా. తియ్యమన్నోళ్లను నాతో మాట్లాడమను," అన్నారు మేడం.

మూట మురికిగా ఉందని, ముక్కిపోయిన వాసన వేస్తోందని వార్డువాళ్లు అభ్యంతరం చెప్పారు. మేడం మూటను శుభ్రమైన దుప్పట్లో చుట్టి అవ్వ తల దగ్గర పెట్టారు, ఇంకెవరూ కదల్చలేదు. రెండు వేళ్లు తీసేశారు గానీ కాలు నిలిచింది.

తీరా ఆస్పత్రి నుంచి పంపించాక అవ్వ మళ్లీ బస్టాండుకే వెళ్లిపోయింది. అంత కష్టపడింది ఇందుకేనా అని నాకు ఏడుపొచ్చింది. మేడంతో అదే అన్నాను.

"ఆమె కాలు ఆమెకు మిగిలింది గదా. యాడికి నడవాల్నో మనమెట్ట చెప్తాం? బస్టాండుకు పోయి ఆమె కట్టు మార్చాల, సామాను తీసుకో పా," అన్నారు.

మేడం పోయి కొన్నేళ్లయింది. మందులు మానేసి వెళ్లిపోయినవాళ్లు పుండు ముదిరాక తిరిగొస్తే నాకూ విసుగొస్తుంది. కానీ ముందుగా నా నోటి నుంచి వచ్చే మాట, "వచ్చినావా, మంచిపని చేసినావు," అన్నదే. ఈ మాట మేడం నేర్పింది కాదు. ఆమె పక్కన పనిచేసి చేసి నాకు వచ్చింది.