పుట్టి అడుగు వేసిన కారు

రజని టీచరు రోజూ బడికి బయల్దేరే ముందు కొంగు నడుముకు దోపి, బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి లోపలి తడిని పాత లుంగీ గుడ్డతో తుడిచేది. తుడవకపోతే కారు కదిలేది కాదు. మిర్యాలగూడలో ఆమె ఉండే వీధిలో పాలవాడి నుంచి ఇస్త్రీ చేసే ఉప్పలమ్మ దాకా అందరికీ అది అలవాటైన దృశ్యమే. రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసే భర్త వీరేశం గడప మీద నిలబడి పళ్లు తోముకుంటూ చూసేవాడు. అతనికి కారు నడపడం రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు.

“ఇయ్యాల ఏం రోగమే దానికి?”

“జలుబు చేసింది.”

“నాకు చేసినప్పుడు గింత ప్రేమగ ఎన్నడన్న తుడిసినవా?”

“నువ్వు నన్ను నిడమనూరు దాక మోస్తవా మరి?”

నిడమనూరు ఉన్నత పాఠశాలలో ఆమె లెక్కలు చెబుతుంది. ఆ తెల్ల కారును 2004లో సూర్యాపేటలో ఒక బ్రోకరు దగ్గర కొన్నది. అప్పటికే అది ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. మీటరు ఒక చుట్టు పూర్తిగా తిరిగి మళ్లీ మొదటికొచ్చి ఉంది. కొనేటప్పుడు రజని ఇంజను చప్పుడు విన్నది, బ్రేకు తొక్కి చూసింది, హెడ్‌లైట్లు వేసి చూసింది. కింద వంగి పొట్ట చూడాలని తోచలేదు. చూసినా నల్లగా, నున్నగా కొత్త తారు పూత తప్ప ఏమీ కనిపించేది కాదు.

మొదట్లో మెకానిక్కు దగ్గరికే వెళ్లేది. పక్కన నిలబడి ఇది ఎందుకు విప్పావు, అది ఎందుకు బిగించావు అని అడిగేది. “మేడం, మీరు పిల్లలకు లెక్కలు చెప్తుంటే నేనొచ్చి నడుమల అడుగుతున్ననా?” అని అతను ఒకరోజు విసుక్కున్నాడు. ఆ సాయంత్రమే పానాల సెట్టు కొనుక్కుంది. ప్లగ్గులు శుభ్రం చేయడం, ఫ్యాన్ బెల్టు మార్చడం, క్లచ్ వైరు ఎక్కించడం ఒక్కొక్కటిగా చేతికొచ్చాయి. పాఠాలు చెప్పే పద్ధతిలోనే మరమ్మతులూ చేసేది: తప్పు ఎక్కడ కనిపిస్తే అక్కడ దిద్దడం.

ముందు సీట్లో పానాల పెట్టె, నీళ్ల డబ్బా, దిద్దాల్సిన నోటు పుస్తకాలు. అందుకని సరోజ వెనక సీట్లో కూర్చునేది. సరోజ అదే బడిలో తెలుగు టీచరు, రజని కంటే ఆరేళ్లు పెద్ద. రజని తాళం తిప్పగానే ఆమె కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకునేది.

“నీ పానాలతోని కాదు, నా ప్రార్థనతోని స్టార్ట్ అయితున్నదే ఇది.”

“ఐతే రేపు నువ్వే కూసో సరోజక్కా స్టీరింగు కాడ. నేను ఎనక పండుకుంట.”

నాట్ల కాలంలో ఆ రోడ్డు రోడ్డులా ఉండదు. పొలాల్లోంచి వచ్చే ట్రాక్టర్ల ఇనుప చక్రాలు బురదను మోసుకొచ్చి తారు మీద దులుపుతాయి. కాలువ పొంగిన రోజున అర చక్రం లోతు నీళ్లు. అలాంటి దారిలో పాత కారు అడుగు తుప్పు పట్టకుండా ఆపడమెలాగో రజనికి తండ్రి లింగయ్య చెప్పాడు.

లింగయ్యది మఠంపల్లి. గొర్రెలు కాసినవాడు. ఎండాకాలం మేత కోసం గొర్రెల్ని కృష్ణ దాటించేవాడు. దాటించేది పుట్టిలో. పెద్ద బుట్టలా గుండ్రంగా వెదురుతో అల్లిన పడవ అది. దాని అడుగున గోనెపట్టా పరిచి, మరిగిన తారు పూసి, మళ్లీ గోనె, మళ్లీ తారు వేస్తారు. ఏటా కొత్త పొర పడాలి. పాత పొరను మాత్రం ముట్టుకోరు. పాత తారు గీకితే నీళ్లు లోపలికి దారి వెతుక్కుంటాయని జాలర్ల నమ్మకం. పుట్టికి సంబంధించినంత వరకు అది నిజం కూడా.

ఏటా వేసవి సెలవులివ్వగానే రజని కారును మఠంపల్లి తీసుకెళ్లేది. గొర్రెల దొడ్డి పక్కన రెండు వరుసలుగా పేర్చిన నాపరాళ్ల మీదికి ఎక్కించేది. లింగయ్య కింద దూరి, ఉన్న తారు మీదనే గోనె అంటించి మళ్లీ తారు పూసేవాడు. “ఇగ కృష్ణలకు దింపినా తేలుతది” అనేవాడు. బిడ్డ కారు నడపడం అతనికి గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని చూపించడానికి అతనికి తెలిసిన దారి ఈ తారే.

ఒక్క ఎడమ వైపు వెనక తలుపే వేధించేది. సరిగ్గా పడేది కాదు. రజని కీలు దగ్గర ఒక వాషరు వేసింది. పడింది. కొన్నాళ్లకు మళ్లీ తగలడం మొదలుపెట్టింది. గడియ పట్టే కొక్కేన్ని ఆకురాయితో అరగదీసింది. మళ్లీ పడింది. టైర్లు ఒక వైపే అరుగుతుంటే వాటిని అటువి ఇటు మార్చేది.

2013లో సరోజకు కోదాడ దగ్గర అనంతగిరికి బదిలీ అయింది. కొడుకు ఇంటరు చదువు కోదాడలో. ఇల్లు చూసుకుంది. ఇల్లు చూసుకున్న రోజునే రజనిని పట్టుకుంది.

“నీ కారు నాకియ్యి. తెలియని కారు నాకొద్దు. దీన్ల ఏ బోల్టు ఎప్పుడు బిగించినవో నాకు ఎరుకనే. నా కొడుకును పొద్దుగాల కాలేజీల దించి నేను బడికి పోత.”

రజని సంతోషంగా ఒప్పుకుంది. ఇచ్చే ముందు ఆ వెనక తలుపును శాశ్వతంగా బాగు చేయాలనుకుంది. సరోజ కొడుకు కూర్చోబోయేది ఆ పక్కనే కదా. మే నెలలో మఠంపల్లి వెళ్లి కారును నాపరాళ్ల మీదికి ఎక్కించింది. ఈసారి తనే ఉలి, సుత్తె పట్టుకుని కింద దూరింది.

లింగయ్యకు అది నచ్చలేదు.

“పాత తారు గీకొద్దు బిడ్డా. నీళ్లొస్తయి.”

“ఇది పుట్టి కాదు నాయినా.”

“గిన్నేండ్లు పుట్టి లెక్కనే కాపాడినం గదా.”

“తలుపు ఎందుకు పడ్తలేదో సూడాలె. జర నువ్వు ఊకో.”

పొరలు పొరలుగా ఊడుతోంది. కింది పొరల్లోని గోనె, ఎర్రటి ఎండల్లో కూడా, చెమ్మగా ఉంది. చెమ్మ కింద ఇనుము గోధుమరంగు పొడిగా రాలి ఆమె బుగ్గ మీద పడింది. తుప్పు ఇంత ఉందా అనుకుంది. ఉలి మరికాస్త పక్కకు జరిపితే ఏదో ఉబ్బెత్తుగా తగిలింది. పేనిన తాడు మందాన, గతుకులు గతుకులుగా ఒక గీత. వేలితో తడుముతూ పోయింది. గీత కారు అడుగున ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది.

గుడ్డతో తుడిచింది. గీతకు ముందు వైపు రేకు నీలం. వెనక వైపు రేకు ఎరుపు. పైన కారు తెలుపు.

రజనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా ఉలి ఆపలేదు, చెయ్యి దాని మానాన అది కదులుతూనే ఉంది. ఒకచోట సుత్తె పెట్టకుండానే ఉలి మొన లోపలికి దిగిపోయింది.

“నాయినా, ఎనక తలుపు తీసి కింద మ్యాట్ జర ఎత్తు.”

లింగయ్య ఒక కాలు కారులో పెట్టి మ్యాట్ లాగాడు. గీత వెంట విచ్చుకున్న చీలికలోంచి వెలుతురు ఆమె ముఖం మీద పడింది. ఆ వెలుతురులో తండ్రి కాలివేళ్లు కనిపించాయి. మట్టిగొట్టుకున్న గోళ్లతో సహా.

“దిగు నాయినా.”

“ఏమైంది?”

“కాలు తియ్యి. ముందు కిందికి దిగు!”

బయటికి వచ్చిన ఆమె ముఖం చూసి లింగయ్య పాము కరిచిందనుకున్నాడు. చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆమె చెప్పింది: ఇది ఒక కారు కాదు, రెండు కార్లు. మధ్యలో కోసి అతికించారు. అతుకు విడిచిపోయింది.

ముసలాయన నాపరాయి మీద కూర్చున్నాడు.

“మొదటి ఏడే నా చెయ్యికి తగిలింది బిడ్డా అది. తారు పూస్తుంటే. పుట్టికి అడుగున బద్దలుంటయి గదా, దీనికి గిదేమో అనుకున్న.”

రజని కోదాడలో టింకరింగ్ పనివాడికి ఫోన్ చేసింది.

కోదాడ నుంచి టింకరింగ్ చేసే జోసెఫ్ బండి మీద వచ్చాడు. కింద దూరి, బయటికొచ్చి, పైకప్పు దగ్గర స్తంభాల మీద రంగు గీకాడు. రంగు కింద లప్పం, లప్పం కింద అక్కడా అతుకులే.

“రెండు యాక్సిడెంటు బళ్లండి మేడం. ఒకదానికి ముందు నుజ్జయి ఉంటది, ఇంకోదానికి ఎనక. బాగున్న సగం, బాగున్న సగం కలిపేశారు. మీ కాయితాలన్నీ ముందు సగానివే.”

“గిన్నేండ్లు ఎట్ల నడిసింది?”

“తలుపుల కింది పక్క బద్దీలు పట్టుకున్నాయి. వాటినీ ఈ గోనె చెమ్మ తినేసిందనుకోండి. పెద్ద గొయ్యి తగిలితే ఎనక సగం ఎనకే ఉండిపోయేది.” చేతులు తుడుచుకుని గొంతు తగ్గించాడు. “అంత కంగారు పడకండి. నాలుగు పట్టీలేసి లాగి అతికించేస్తా. పైన మళ్లీ మీ తారే పూసుకోండి. కొనేవాడికి ఏం తెలుస్తది?”

ఆమె అతని వైపు చూసింది. కోప్పడాలని ఉంది. కానీ మనసు అక్కడ లేదు. బంద్ రోజుల్లో బస్సులు లేక ఆటల పోటీలకు ఆడపిల్లల్ని ఇదే కారులో, వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరిని కూర్చోబెట్టి తీసుకెళ్లింది. కాలువ వంతెన మీద పిల్లలు పాటలు పాడారు. ముందు నుజ్జయిన కారుంది కదా, దాని ముందు సీట్లలో కూర్చున్నవాళ్లు ఏమై ఉంటారు? రెండో దాని వెనక సీట్లో కూర్చున్నవాళ్లు? తొమ్మిదేళ్లు తను వాళ్ల మధ్యన పాఠాల గురించి, చీరల గురించి మాట్లాడుకుంటూ తిరిగింది.

జోసెఫ్‌ను పంపించేసి సరోజకు ఫోన్ చేసింది.

“అక్కా, కారు నీకు ఇయ్య.”

“ఏమైందే?”

“బాగలేదు. ఎవ్వరికి ఇయ్య.”

“తొమ్మిదేండ్లు మంచిగున్నది, నాకిచ్చే యాళ్లకు బాగలేకపాయెనా? ఎవలన్న ఎక్కువకు అడిగిండ్రా? ఉన్నమాట చెప్పరాదు.”

“అక్కా...”

“నేను ఇల్లు గూడ మాట్లాడుకున్న, నీ మాట మీద.”

“రేపు మఠంపల్లికి రా. సూపిస్త.”

మర్నాడు పొద్దున్నే సరోజ బస్సు దిగి వచ్చింది. లింగయ్య ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు. రజనితో మాట్లాడలేదు. “ఏది?” అన్నది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, పరిచిన గోనె మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగింది. బయటికి ఆమె పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలాసేపు ఆ పాదాలు కదల్లేదు. తర్వాత చీలికలోంచి ఆమె నాలుగు వేళ్లు కారు లోపలికి వచ్చాయి, వెనక సీటు ముందు, రోజూ ఆమె చెప్పులు పెట్టుకునే చోట.

బయటికొచ్చాక చేతులు దులుపుకోవడం మర్చిపోయింది.

“నీకు ఎరుకనా?”

“ఎరుకైతే నిన్ను కూసోబెడ్తనా అక్కా?”

సరోజ వెంటనే నమ్మలేదు. ఎడమ తలుపు దగ్గరికి వెళ్లి వాషరును, అరిగిన కొక్కేన్ని వేలితో ముట్టింది. “దీన్ని ఎన్నిసార్లు అరగదీసినవ్. నేను ఎనక కూసోని సూస్తనే ఉన్న. తలుపు ఎందుకు పడ్తలేదని ఒక్కనాడన్న అనుకోలేదా?”

“అనుకోలే. పడేటట్టు చేసిన.”

సరోజ నవ్వబోయినట్టు పెదాలు కదిపింది, నవ్వు రాలేదు. లింగయ్య పక్కన నాపరాయి మీద చతికిలబడింది. లింగయ్య మళ్లీ గ్లాసు అందించాడు. ఈసారి తాగింది. జోసెఫ్ అన్న మాట రజని ఆమెకు చెప్పింది.

“ఆ టింకరింగాయనకు ఇయ్యకు” అన్నది చివరికి. “అతికిచ్చి ఇంకెవల పిల్లలనో ఎక్కిస్తడు. పాత ఇనుముల కోయిపియ్యి దీన్ని. నేను గూడ వస్త. నా ముంగట కోయాలె.”

ఆ కారును మళ్లీ రోడ్డు మీద నడపడానికి రజని ఒప్పుకోలేదు. డీసీఎం వ్యానుకు ఎక్కించి కోదాడలో పాత ఇనుము కొనే చోటికి తీసుకెళ్లారు. గ్యాస్ కట్టరు పట్టుకున్న మనిషి పైకప్పు స్తంభాలు, రెండు పక్కల బద్దీలు కోశాడు. అడుగు దగ్గరికి వచ్చేసరికి కట్టరు పక్కన పెట్టి గడ్డపారతో ఒక్క పోటు పొడిచాడు. కారు రెండుగా విడిపోయింది. సరోజ రజని మోచేయి పట్టుకుంది.

కాటా మీద ముందు సగం మూడు వందల తొంభై కిలోలు తూగింది. వెనక సగం రెండు వందల ఇరవై ఐదు.