బంతి బతకని నీళ్లు

సంగమ్మ పోసిన బంతినారు కోసం కర్దనూరు చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. వాగు ఒడ్డున వాళ్లకు ఎకరన్నర పొలం ఉండేది. భర్త మొగులయ్య అందులో వరి వేసేవాడు. బావి పక్కనున్న పావెకరం, పది గుంటలు మాత్రం సంగమ్మవి. ఆషాఢంలో నారు పోసి, శ్రావణం రాగానే నాటితే, దసరా నాటికి ఆ పది గుంటల్లో నేల కనపడేది కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆమె పొద్దున్నే పూల గంప నెత్తికెత్తుకుని పటాన్‌చెరు అంగడికి పోయి, మధ్యాహ్నానికల్లా ఖాళీ గంపతో తిరిగొచ్చేది.

ఎనభై ఆరులో ఊరికి ఎగువన ఒక మందుల కంపెనీ లేచింది. రెండేళ్లకు సంగమ్మ పెంచిన బంతి ఆకుల అంచులు మాడాయి. ఎరువు ఎక్కువైందనుకుని మరుసటేడు తగ్గించింది. అప్పుడు మొగ్గలు విచ్చుకోకముందే నల్లబడ్డాయి. విత్తనం చెడిందేమోనని తల్లిగారింటికి పోయి వేరే విత్తనం తెచ్చింది. ఆపై ఏడు మడి మార్చింది. మూడేళ్లూ తప్పు తన చేతిదేననుకుంది.

ఒకరోజు పొద్దున బర్రెను బావి దగ్గర తొట్టికి తోలుకెళ్తే, అది మూతి ముంచి, తల విదిలించి, వెనక్కి తిరిగింది. సంగమ్మ దోసిట్లో నీళ్లు తీసి వెలుగుకు పట్టి చూసింది. లేత ఎరుపు రంగు. నాలుకకు తగిలించుకుంటే చేదు. అక్కడినుంచే భర్తను కేకేసింది.

"ఇగో, గీ నీళ్లు సూడు జెర! నా చేతిల ఏం తప్పు లేదు. నీళ్లే పాడైనయ్!"

ఆ మాట అన్నప్పుడు ఆమెకు ఒక్క క్షణం నిమ్మళంగా అనిపించింది. తర్వాత బావి గట్టు మీద కూలబడింది.

ఊరంతా కలిసి కంపెనీ గేటు దగ్గరికి పోయారు. లోపలినుంచి ఒకాయన వచ్చి నీళ్లు పరీక్ష చేయిస్తామన్నాడు, ఊరి నుంచి నలుగురికి పని ఇస్తామన్నాడు. పరీక్ష సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పని మాత్రం ఇచ్చారు. మొగులయ్య చచ్చినా పోనన్నాడు. ఆ ఏడు వరి కూడా గింజ పట్టక తాలు పోయింది. బర్రెను అమ్మేశారు. అప్పుడు సంగమ్మ తోటపనికి పోతానంది.

"మన నీళ్లు పాడుజేసినోని తాన పని జేస్తవా?" అన్నాడు మొగులయ్య.

"మరి ఇంకెవడిస్తడు పని? నువ్వే చెప్పు."

మరునాడే ఆమె కంపెనీ పనికి పోయింది.

కంపెనీలో తోట, క్యాంటీన్, గేటు వ్యవహారాలన్నీ చలపతిరావు చూసేవాడు. ఆయనది భీమవరం వైపు. ఉద్యోగానికని వచ్చి బీరంగూడలో స్థిరపడ్డాడు. పనివాళ్ల మీద గొంతు లేపే మనిషి కాదు. మొక్కలంటే ప్రాణం. సంగమ్మ చెయ్యి మంచిదని వారం తిరక్కుండానే కనిపెట్టాడు.

"సంగమ్మా, రోడ్డువైపు గోడ పొడుగునా ఏదైనా వేద్దాం," అన్నాడొక రోజు. "బంతి వేద్దామా, గన్నేరు వేద్దామా? నాకైతే బంతే ఇష్టం. గేటు కళకళలాడుతుంది. అయినా నీకు తెలిసినంత నాకు తెలీదు కదా, నువ్వే చెప్పు."

"గీడ ఏ నీళ్లు పోస్తరు సారూ?"

"ఏముంది, మన బోరు నీళ్లే."

"రెండూ ఒక్కొక్క మడి ఏసి సూద్దాం సారూ," అంది సంగమ్మ.

గోడ వారన రెండు మడులు కట్టింది. ఒకదానిలో ఇంటినుంచి తెచ్చిన బంతినారు నాటింది. రెండో దానిలో వానకు తడిసిన మట్టిలో గన్నేరు కొమ్మలు విరిచి గుచ్చింది. బంతికి మట్టి గుల్ల చేసింది, పేడ ఎరువు వేసింది, ఎండ మరీ ఎక్కువైతే గోనె పరదా కట్టింది. గన్నేరుకు ఏమీ చెయ్యలేదు. రోజూ పనిలోకి రాగానే ముందు బంతిమడి దగ్గరికే పోయేది. ఇక్కడ బతికితే తన పది గుంటల్లోనూ బతుకుతుందని ఆశ. మొక్కలు జానెడు పెరిగాయి. మొగ్గ తొడిగాయి. రెండు మొగ్గలు కొసన పసుపు రంగు కూడా చూపాయి. ఆ వారం ఆమె ఇంట్లో నవ్వుతూ తిరిగింది. నలభై ఐదో రోజున వచ్చి చూస్తే మొగ్గలన్నీ నల్లబడి, మెడలు వాల్చి ఉన్నాయి. పక్క మడిలో గన్నేరు కొమ్మలు కొత్త చిగుళ్లు వేశాయి.

చలపతిరావు రెండు మడులూ చూసి తల గోక్కున్నాడు. "ఏమంటావమ్మా?"

"బంతి మూడు నెల్లల పుట్టి, పూసి, పోయేది సారూ. ఉన్నన్ని దినాలు దానికి మంచినీళ్లు గావాలె, మంచిగున్నవా అని మందలిచ్చే మనిషి గావాలె. గన్నేరుకు ఎవ్వలతోని పని లేదు. ఏ నీళ్లైనా తాగుతది. మేక ముట్టది. ఎండకాలమైనా ఆకు రాల్చది. గీ నీళ్లకు గన్నేరే ఎయ్యిండ్రి."

"పన్నెండు నెలలూ పచ్చగా ఉంటుందన్నమాట. అయితే ఇంకేం, అదే ఖాయం!" అన్నాడు చలపతిరావు సంతోషంగా.

తోటమాలిగా ఆమె చెప్పింది సరైన మాట. కానీ చెప్పాక, తన పొలం మీది ఆశకు తనే నీళ్లు వదులుకున్నట్టు అనిపించింది. ఆ వానాకాలం రెండు వందల కొమ్మలు ఆమె చేత్తోనే నాటింది. ఒక్కటీ ఎండిపోలేదు. మూడేళ్లలో మనిషెత్తు పెరిగి, రోడ్డు మీద పోయేవాళ్లకు గోడగానీ, గోడ కింద కంపెనీ మురికి వాగులోకి పోయే కాలువగానీ కనపడకుండా కమ్ముకున్నాయి. బస్సులో పోయేవాళ్లు ఎంత పచ్చగా ఉందో అనుకునేవాళ్లు.

తొంభై ఐదులో ఊరివాళ్లు సర్కారుకు అర్జీ పెట్టారు. మొగులయ్య వేలిముద్ర కూడా అందులో ఉంది. హైదరాబాదు నుంచి కమిటీ వచ్చి చూస్తుందని కబురొచ్చింది. కమిటీ రావడానికి పదిహేను రోజుల ముందు, నర్సరీ వ్యాన్‌లో విరబూసిన బంతి కుండీలు కంపెనీలోకి దిగాయి.

చలపతిరావు సంగమ్మ కళ్లలోకి చూడకుండా చెప్పాడు. "కుండీలు అంచు దాకా పాతిపెట్టమ్మా. పైన మట్టి సర్దు. నీళ్లు రోజూ బయటి ట్యాంకర్‌వే పొయ్యి. పైనుంచి చెప్పారు, నా చేతుల్లో లేదు."

ఆ పని చెడగొట్టాలని సంగమ్మ అనుకుంది. వంకరగా పాతాలనుకుంది, నీళ్లు ఎగ్గొట్టాలనుకుంది. కానీ మొక్క చేతికి రాగానే వేళ్లు వాటంతటవే మట్టి సర్దాయి. వాడిన ఆకు కనిపిస్తే గిల్లేసింది. పదిహేను రోజులకు ఆ మడి, ఒకప్పటి ఆమె మడిలాగే ఉంది.

కమిటీ వచ్చిన రోజు ఊరివాళ్లు సీసాల్లో బావినీళ్లు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. మొగులయ్య ముందు వరసలో ఉన్నాడు. లోపల నలుగురు అధికారులు నడుస్తూ వచ్చి బంతిమడి దగ్గర ఆగారు. వాళ్లలో కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన వంగి పువ్వును తాకాడు.

"బాగా పెంచావమ్మా. ఏ నీళ్లు పోస్తావు వీటికి?"

చలపతిరావు నేల చూపులు చూస్తున్నాడు.

"ట్యాంకర్ నీళ్లు సార్," అంది సంగమ్మ. "గివి గీడ పుట్టిన పూలు గావు. పదిహేను దినాల కిందట వ్యాన్ల వచ్చినయి. గీ బోరు నీళ్లకు బంతి బత్కది. మా బాయి నీళ్లకు గూడ బత్కది. నమ్మకుంటే గిటు సూడుండ్రి."

వంగి, రెండు చేతులతో మట్టి తోడి, ఒక కుండీని బయటికి లాగింది.

వాళ్ల వెంటే నడుస్తున్న కంపెనీ మేనేజరు తొణకలేదు. నవ్వుతూ ముందుకొచ్చాడు. "నిజమే సార్. తోట కోసం భూమిలో నీళ్లు తోడకూడదని మేమే బయటినుంచి తెప్పిస్తున్నాం. చుట్టూ రైతులున్నారు కదా, వాళ్ల నీళ్లు వాళ్లకే మిగలాలని."

"మంచి పద్ధతి," అన్నాడు కళ్లద్దాలాయన. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అందరూ గన్నేరు వరస చూస్తూ ముందుకు నడిచారు. ఎవరూ ఆమె చేతిలోని కుండీ వైపు చూడలేదు.

దాన్ని పొట్టకు ఆనించుకుని సంగమ్మ అలాగే నిలబడింది. ఎంత గట్టిగా అరిస్తే వింటారో ఆమెకు తెలియలేదు. కాసేపటికి కుండీని ఆ గుంటలోనే పెట్టి మట్టి సర్దింది. కుండీకి ఎండ తగిలితే వేర్లు మాడతాయి కదా.

పొద్దుగూకాక ఆమె ఇంటికి రాగానే, గుమ్మంలో కూర్చున్న మొగులయ్య అడిగాడు. "నువ్వన్నా చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"మంచి పద్ధతి అన్నరు."

అతను ఆమె అబద్ధం చెబుతోందేమోనని ముఖంలోకి చూశాడు. లేదని తెలిశాక, కాళ్లు కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయాడు.

మరునాడు తనను పనిలోంచి తీసేస్తారనుకుంది సంగమ్మ. తీసెయ్యలేదు. ఆమె మాట వల్ల వాళ్లకు ఏ నష్టమూ కలగలేదు మరి. చలపతిరావు మాత్రం ఆమెను పిలిచి, "నీపాటి ధైర్యం నాకు లేకపోయిందమ్మా. ఇద్దరు పిల్లల చదువులు," అని ఆగిపోయాడు. "తెలుసు సారూ," అందామె. మూడేళ్ల తర్వాత ఆయన వేరే ఊరికి బదిలీ మీద పోయాడు.

అర్జీలు పెట్టగా పెట్టగా ఊరికి ఒకటే వచ్చింది. రోజు విడిచి రోజు తాగునీళ్ల ట్యాంకర్. ఇంటికి ఆరు బిందెలు. ఒక వానాకాలం సంగమ్మ పగిలిన తొట్టిలో మట్టి నింపి, గుప్పెడు బంతి విత్తనం చల్లి, ఆ నీళ్లలోంచే రోజుకు రెండు చెంబులు పోసింది. దసరాకు తొట్టి నిండా పూసింది. ఆడవాళ్లంతా వచ్చి చూశారు. పక్కింటి పుష్పమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "మా పోరికి జరమొచ్చి తాగనీకి నీళ్లు సాలకపోతే నిన్న నేను రెండిండ్లు తిరిగిన అక్కా. నువ్వు పూలకు పోస్తున్నవా?" అంది. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది.

"నిజమే చెల్లె," అంది సంగమ్మ. ఆ పూలన్నీ కోసి వాడకట్టులో ఇంటింటికీ పంచింది. తర్వాతి ఏడు ఆమె విత్తనం చల్లలేదు.